పిల్లలతో రాయించొద్దంటున్న పెద్దలకు

కాలేజీ పిల్లల చేత క్లాసు పనిగా విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాలు రాయించడం వృథా అని మన అధ్యాపకుల్లో చాలామంది నమ్మకం. ఎవరు పడితే వాళ్లు దిద్దే వికీపీడియాలో రాస్తే ఏం ఒరుగుతుంది, అది పండితుల పని కదా అంటారు. పెనుగంచిప్రోలులో ఈ మాట వింటే నాకు మింగుడుపడదు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1877లో పుట్టింది ఈ ఊళ్లోనే. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, ఆ తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని నెత్తికెత్తుకుని, ‘అ’ అక్షరంతోనే మూడు సంపుటాలు తెచ్చి, 1923లో పని సగంలో ఉండగానే కన్నుమూశారు. ఆ పనిలో ఆయనకు తోడున్నవాళ్లలో మల్లంపల్లి సోమశేఖర శర్మ ఒకరు. అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రాడు, చేతిలో డిగ్రీ లేదు. ఆయన తరువాత ఎంతటి చరిత్రకారుడయ్యారో వేరే చెప్పాలా? పాండిత్యం వచ్చాకే సర్వస్వం జోలికి పోవాలనేవాళ్లు ఈ ఒక్క జీవితానికి జవాబు చెప్పాలి.

పుణె సంగతి ఎత్తుతారు. నిజమే. 2011లో అక్కడి కాలేజీల విద్యార్థులు ఇంగ్లీషు వికీపీడియాలోకి కాపీ రాతలు తెచ్చిపోస్తే, వాటిని ఏరిపారేయలేక స్వచ్ఛంద సంపాదకులు అలిసిపోయారు, ఆ కార్యక్రమాన్నే ఆపేయాల్సి వచ్చింది. కానీ కాపీ కొట్టడం ఆ పిల్లలు వికీపీడియాలో నేర్చుకున్నారా? మన ప్రాజెక్టు రికార్డులు చూడండి. సీనియర్ రికార్డు జిరాక్సై, పేరు మారి, సంతకం పడి బీరువాలోకి పోతుంది. వికీపీడియాలో ఆ దొంగతనం నలుగురి కళ్లా పడింది, మన దగ్గర పడలేదు. అంతే తేడా.

ఈ పని ఏం నేర్పుతుందో దగ్గరగా చూద్దాం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి గురించి రాయమంటే మన పిల్లలు ‘కోరిన కోర్కెలు తీర్చే కొంగుబంగారం’ అనే ఎత్తుకుంటారు. ఆ మాటెవరిదని అడగండి. కాసేపు ఆలోచించి ‘అని భక్తుల నమ్మకం’ అని చేరుస్తారు. తిరుపతమ్మ భర్త గోపయ్యను పులి చంపిందని, అమ్మవారు యోగాగ్నిలో దేహం విడిచిందని రాస్తే, ముందు ‘స్థలపురాణం ప్రకారం’ వచ్చి చేరుతుంది. రంగుల కోసం విగ్రహాలను జగ్గయ్యపేట తీసుకెళ్లే ఆనవాయితీ ఊళ్లో అందరికీ తెలుసు. అయినా దానికి పత్రిక వార్తో, అచ్చైన పుస్తకమో వెతకాల్సిందే. ఇది భక్తికి అవమానమని కొందరు నొచ్చుకుంటారు. నమ్మకాన్ని నమ్మకంగా రాస్తే అమ్మవారికి వచ్చే లోటేమీ లేదు. ఆ వ్యాసాన్ని వేరే మతం వాళ్లు కూడా అనుమానం లేకుండా చదువుకుంటారు.

జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం తీసుకోండి. ‘అతి ప్రాచీనం’ అంటే చాలదని తెలిసిన విద్యార్థి 1882లో అక్కడ తవ్వించిన జేమ్స్ బర్జెస్ దగ్గరికి, ఆయన 1887 పుస్తకం దగ్గరికి, అందులో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనం దగ్గరికి వెళ్తాడు. మూడేళ్ల డిగ్రీలో ఇంకే అసైన్‌మెంటు అతన్ని అంతదూరం నడిపిస్తుంది?

ఒక్క అభ్యంతరం మాత్రం బరువైనది. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగినప్పుడు ఒడ్డున ఉండి కళ్లారా చూసిన పిల్లకు కూడా అది రాసే హక్కు లేదా? విజ్ఞాన సర్వస్వంలో లేదు. చూసింది చూసినట్టు పత్రికకు రాయాలి, కథ రాయాలి. సర్వస్వంలో మాత్రం అచ్చైన ఆధారం చూపాలి. ఈ నియమం వల్ల మన ఊళ్ల సంగతులు ఎన్నో బయటే ఉండిపోతాయి, ఆ నష్టం చిన్నది కాదు. అయినా దాన్ని సడలించొద్దనే నేనంటాను. సడలిస్తే ఆ పిల్ల రాసిన నిజం పక్కన వాట్సాప్ పుకారు కూడా అంతే హక్కుతో వచ్చి కూర్చుంటుంది.

అధ్యాపకులను నేనడిగేది కొంచెమే. సెమిస్టరుకు పది మంది కలిసి ఒక్క వ్యాసం రాసినా చాలు. మార్కులు పేజీలకు కాదు, మూలాలకు వేయండి. ప్రతి మార్పూ ఎవరు చేశారో చరిత్ర పేజీలో కనపడుతుంది, ఎవరి కష్టం ఎంతో అక్కడ చూసుకోండి. దానికంటే ముందు మీరే ఒక వ్యాసం రాసి, ముక్కూమొహం తెలియనివాళ్ల చేత దిద్దించుకోండి.