అలిపిరి మెట్లు, నాలుగు మీటర్ల టేపు

తిరుపతి వెళ్ళొచ్చిన అరవై దాటినవాళ్ళ నోట ఒక మాట తరచూ వింటుంటాను. "అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచే ఎక్కానండీ. ఆయాసమే లేదు, అంతా స్వామి దయ. ఇంక నాకు డాక్టరెందుకు?" ఇక్కడ ఓల్డ్ రాజిందర్ నగర్ తెలుగువాళ్ళ ఇళ్ళలోనూ ఇదే వరస. దయ సంగతి అలా ఉంచి లెక్క అడుగుదాం.

ఎంతసేపు పట్టింది? తెలీదు. ఎన్నిసార్లు కూర్చున్నారు? గుర్తులేదు. క్రితంసారి ఎంత పట్టింది? ఎవరు రాశారు? ఓచరు లేని ఖర్చును ఏ ఆడిటరూ ఒప్పుకోడు, గుండె విషయంలో మాత్రం మనం ఒప్పేసుకుంటాం. పైగా సగంలో వెనక్కి దిగినవాళ్ళూ, మొదటే బస్సెక్కినవాళ్ళూ ఇంటికొచ్చి ఈ కథ చెప్పరు. ఎక్కగలిగినవాళ్ళ మాటే మన చెవిన పడుతుంది. టీటీడీ వారే 2024 అక్టోబరులో, 60 దాటినవారు, బీపీ, షుగరు, మూర్ఛ, కీళ్ళ జబ్బులు ఉన్నవారు నడిచి రావడం మంచిది కాదని ప్రకటించారు. దేవస్థానానికి ఉన్నపాటి అనుమానం భక్తుడికి లేకపోవడం విచిత్రం!

నడకతోనే పరీక్ష కావాలంటే టేపు, సెకన్లు చూపే వాచీ చాలు. ఇంట్లో నాలుగు మీటర్లు కొలిచి, మామూలుగా నడిచే తీరులోనే నడవాలి. 5 సెకన్లు పడితే వేగం సెకనుకు 0.8 మీటరు. 2011లో స్టూడెన్‌స్కీ బృందం 65 దాటిన 34,485 మంది వివరాలు కలిపి చూస్తే, వేగం 0.1 మీటరు ఎక్కువైన కొద్దీ మరణించే ప్రమాదం సుమారు 12 శాతం తక్కువగా కనబడింది. ఆసియా వారి కోసం 2019లో నిపుణులు పెట్టిన హద్దు 1.0 మీటరు. మన దేశంలో 2017-18 లాసీ సర్వేలోనూ 60 దాటినవారిని ఇలాగే నడిపించి చూశారు.

అయితే మిత్రులారా, దీన్ని కూడా గుడ్డిగా నమ్మనక్కర్లేదు. వాచీ నొక్కడంలో అర సెకను తేడా వస్తే 0.8 కాస్తా 0.89 అయిపోతుంది. అందుకే మూడుసార్లు నడిచి, మూడూ రాసుకోవాలి. బాగున్నది ఒక్కటే ఉంచుకుంటే అది దొంగలెక్క. నెమ్మదికి కారణం మోకాలు కావచ్చు, కంట్లో శుక్లం కావచ్చు, గుండె కావచ్చు. ఏదో ఈ పరీక్ష చెప్పదు. పరీక్షనాడు పరుగులాంటి నడక నడిచి ఆయుష్షు పెరిగిందనుకోవడం, థర్మామీటరును చన్నీళ్ళలో ముంచి జ్వరం తగ్గిందనడంలాంటిదే.

ఆసుపత్రుల్లో చేసే ఆరు నిమిషాల నడక వేరు. దానికి 30 మీటర్ల చదునైన వరండా కావాలి. నెలలోపు గుండెపోటు వచ్చినవాళ్ళకు అది పెట్టకూడదని 2002 నాటి అమెరికా నిబంధనలే చెబుతున్నాయి. దాన్ని దీపావళి తర్వాతి ఢిల్లీ పొగలో, పార్కులో సొంతంగా ప్రయత్నించకండి.

నాలుగు మీటర్లది మాత్రం నెలకోసారి, అదే చోట, అవే చెప్పులతో చేసి తేదీ వేసి రాయండి. ఆరు నెలల్లో 4 సెకన్లు 5 అయిందా, ఆ కాగితం తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి. తిరుపతి టిక్కెట్టు కొనకముందే.