మత్తుకు ముందు ఒక మాట

“బేటా, నన్ను నిద్రపుచ్చుతారట గదా, మళ్ళీ లేపుతారా?” రొమ్ముకు శస్త్రచికిత్స జరుగవలసిన ముందురాత్రి మా ఖాలా నన్నడిగిన ప్రశ్న ఇది. ఆమెకు కత్తి అంటే భయం లేదు. భయమంతా మత్తుమందును గురించే. ఆమె వేలిముద్ర వేసిన అంగీకారపత్రం ఆంగ్లంలో ఉంది. దానిని చదివి చెప్పినవారు లేరు. వ్యాధి కాన్సరని సైతం చెప్పక, ఇంటివారు “గడ్డ” అని సరిపెట్టారు. ఉదయాన ఎవరో జాలిపడి అరకప్పు పాలటీ త్రాగించారు. ఆపరేషను వాయిదా పడింది. యాభై ఏళ్ళుగా రోజాలు పాటించిన మనిషికి కొన్ని గంటల పస్తు ఒక లెక్కా? ఎందుకుండాలో చెప్పకపోవడమే లోపం.

పూర్తి మత్తులో గొంతుకు సహజంగా ఉండే రక్షణ సడలిపోతుంది. కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోతే ప్రాణాపాయం కలుగవచ్చు. అందుచేతనే తేలికపాటి ఆహారమైనా, పాలైనా ఆరు గంటల ముందే, మంచినీరు రెండు గంటల ముందే మానాలన్నది సామాన్య నియమం. వైద్యుడు వేరుగా చెబితే అదే ప్రమాణం. మత్తువైద్యుడు సూదిమందిచ్చి వెళ్ళిపోడు. చికిత్స ముగిసేవరకు రోగి శ్వాసను, నాడిని, రక్తపుపోటును కనిపెట్టుకొని ఉంటాడు. మెలకువ వచ్చిన తరువాత గొంతునొప్పి, వికారం కలిగినా అవి సాధారణంగా త్వరలోనే తగ్గుతాయి.

కాన్సరు రోగికి మరొక జాగ్రత్త కలదు. లోగడ వాడిన మందులలో డాక్సోరూబిసిన్ గుండెను, బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను దెబ్బతీయవచ్చు. ఆ చీటీలను చూపాలి. బీడీ అలవాటు, నాటుమందులు, కదిలే పళ్ళు, ఏవీ దాచరాదు. తన జబ్బేమిటో తెలియని రోగి ఇవన్నీ ఎట్లా చెప్పగలడు?

తెలిస్తే బెంగపెట్టుకుంటారని పెద్దలంటారు. వారి ప్రేమను శంకించను. కాని రెండవసారి ఒక మత్తువైద్యురాలు ఇంటివారిని ఒప్పించి, ఖాలా మంచం ప్రక్కన కూర్చుండి, పది నిమిషాలు ఉర్దూలో అంతా వివరించింది. ఆ రాత్రి ఖాలా నిశ్చింతగా నిద్రపోయింది. అంగీకారం రోగి సొత్తు. ప్రాణాపాయ స్థితి లేనప్పుడు, మత్తులో ఉన్న వయోజన రోగిణి తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం సైతం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మత్తువైద్య చరిత్రలో మన హైదరాబాదుకు స్థానం కలదు. క్లోరోఫారం భద్రతను పరీక్షించిన సంఘాలు 1888, 1889 సంవత్సరాలలో ఇక్కడనే పనిచేశాయి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యశాస్త్రాన్ని సైతం ఉర్దూలో బోధించింది. శాస్త్రమంతటినీ దేశభాషలో చెప్పగలిగిన నగరంలో ఒక్క పుట అంగీకారపత్రాన్ని రోగి భాషలో చెప్పలేమా?

సోదర సోదరీ విద్యార్థులారా! ఉర్దూ, తెలుగు రెండూ తెలిసినవారు మనలో అనేకులున్నారు. వైద్యులచేత దిద్దించుకొని, రెండు భాషలలో ఒక కరపత్రం వ్రాద్దాం. వారానికొకనాడు ఆస్పత్రికి వెళ్ళి, చదువురాని రోగులకు చదివి వినిపిద్దాం. ఇందుకు అనుమతిని, ముద్రణవ్యయాన్ని ఇప్పించవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి.