కొత్త కార్డు కొనేముందు... ఓసారి మోడ్లు చూడండి!

'నాన్నా, ఆట ఆగిపోతోంది. గ్రాఫిక్స్ కార్డు మార్చాలి!'

పిల్లలూ, కంప్యూటరూ ఉన్న ఇంట్లో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినబడక మానదు. కార్డంటే మాటలా? మంచిది కావాలంటే ఫ్రిజ్ కొన్నంత ఖర్చు. తీరా కొని బిగించాక ఆట మళ్లీ అక్కడే ఆగిపోతే? డబ్బు పోయిందని తండ్రికి బాధ, ఆట పోయిందని పిల్లాడికి బాధ. అసలు జబ్బు కంప్యూటర్‌దా, లేక ఆటకు మనం తగిలించిన హంగులదా అన్నది పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ఓ ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే చాలు. ఆ హంగులనే 'మోడ్లు' అంటారు. వాటికి పెట్టింది పేరైన 'స్కైరిమ్' ఆటనే ఉదాహరణగా తీసుకుందాం.

అమెరికాకు చెందిన బెథెస్డా గేమ్ స్టూడియోస్ తయారుచేసిన ఈ ఆట 2011 నవంబరు 11న విడుదలైంది. మంచుకొండలు, కోటలు, డ్రాగన్లు... ఫలానా దారినే పోవాలన్న నియమం లేదు. వేటాడొచ్చు, కొలిమి పెట్టుకోవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు, పెళ్లీ చేసుకోవచ్చు. ఇలాంటివాటినే 'ఓపెన్ వరల్డ్' ఆటలంటారు. 2012 ఫిబ్రవరిలో కంపెనీ 'క్రియేషన్ కిట్' అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇచ్చేసింది. ఇక చూస్కోండి! దేశదేశాల అభిమానులు కొత్త ఊళ్లు, కొత్త కథలు, తళతళలాడే నదులు సొంతంగా తయారుచేసి పంచిపెట్టడం మొదలెట్టారు. పిల్లల పనే కదా అని తీసిపారేయకండి. ఆస్ట్రేలియాలో న్యాయవాదిగా ఉన్న నిక్ పియర్స్ చేసిన 'ద ఫర్‌గాటెన్ సిటీ' అనే మోడ్‌కి 2016లో అక్కడి రచయితల సంఘం అవార్డిచ్చింది. 2021లో అది విడిగా ఓ ఆటగానే వచ్చింది.

మరి చిక్కెక్కడొస్తుందంటే... ఈ తయారీదారులకు ఒకరితో ఒకరికి పరిచయం ఉండదు. ఒకాయన వైట్‌రన్ అనే ఊళ్లో చెట్లు నాటుతాడు. ఇంకొకావిడ సరిగ్గా అదే చోట అంగడి కడుతుంది. రెండు మోడ్లూ వేసుకున్న మీవాడికి అంగడి కప్పులోంచి చెట్టు మొలిచి కనబడుతుంది! ఇద్దరూ ఒకే వస్తువును మార్చారనుకోండి... జాబితాలో ఆఖరున ఉన్న మోడ్ మాటే చెల్లుతుంది. ఈ జాబితానే 'లోడ్ ఆర్డర్' అంటారు. స్కైరిమ్‌లో వచ్చే తంటాల్లో చాలా భాగం ఇక్కడే పుడతాయి. దానికీ గ్రాఫిక్స్ కార్డుకీ ఏ సంబంధమూ లేదు.

ఆటను తయారుచేసినవాళ్లకే ఈ తిప్పలు తప్పలేదు. ఆట మొదట్లో ఖైదీలను గుర్రబ్బండిలో తీసుకెళ్లే సన్నివేశం ఉంటుంది. తయారీ రోజుల్లో ఆ బండి ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరిపోయేదట. వెతగ్గా వెతగ్గా దొరికిన నేరస్థురాలెవరో తెలుసా... ఓ తేనెటీగ! అంతకుముందు ఆటగాళ్లు తేనెటీగల్ని పట్టుకోలేకపోతున్నారని ఆ లోపం సరిదిద్దారు. దాంతో ఈగకు ఒళ్లు గట్టిపడింది కానీ, దేన్ని గుద్దుకున్నా అది మాత్రం పక్కకు జరిగేది కాదు. బండి వచ్చి దానికి తగలడం, ఎగిరిపడటం! అప్పట్లో ఆ బృందంలో పనిచేసిన నేట్ పర్కీపైల్ 2021లో ఈ సంగతి బయటపెట్టారు. ఒకచోట బాగుచేస్తే మరోచోట చెడింది. అదీ ఒకే ఆఫీసులో కూర్చున్నవాళ్ల మధ్య! ఎన్నడూ ముఖాలు చూసుకోని వందమంది పని ఒకే ఆటలో పోస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

సరే, వైద్యానికొద్దాం. ముందు మీ అబ్బాయినో అమ్మాయినో ఒక్క ప్రశ్న అడగండి. ఆట నెమ్మదిస్తోందా... కూలిపోతోందా? రెండూ వేరు. బలహీనమైన కార్డు ఆటను ఈడ్చుకుంటూ నడిపిస్తుందే తప్ప సాధారణంగా ఉన్నపళంగా మూసేయదు. ఎప్పుడూ ఒకే చోట, ఒకే తలుపు తీయగానే ఆట మూతపడుతోందంటే ముందు మోడ్లనే అనుమానించాలి.

నెమ్మదిస్తోందంటే తొలి పరీక్ష, మోడ్లన్నీ ఆపేసి కొత్త ఆట మొదలెట్టడం. 'మోడ్ ఆర్గనైజర్' వాడేవాళ్లకు ఇది చిటికెలో పని. మోడ్లు లేని మరో ప్రొఫైల్ పెట్టుకుంటే సరి, పాత ఏర్పాటు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆట హాయిగా నడిచిందా, కంప్యూటర్ నిర్దోషి! అప్పటికీ నీరసంగానే ఉంటే రెండో పరీక్ష. తెర రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి తగ్గించి అదే చోట నిలబడి చూడండి. వేగం బాగా పెరిగితే కార్డు మీద భారం పడుతున్నట్టు లెక్క. ఏ మార్పూ లేదంటే ఇబ్బంది ప్రాసెసర్ దగ్గరుంది. అలాంటప్పుడు ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా బూడిదలో పోసిన పన్నీరే. మోడ్లు వేసుకున్నాక జనం, ఇళ్లు ఎక్కువున్న ఊళ్లలోనే ఆట ముక్కుతూ మూలుగుతూ నడిచి, బయట అడవిలో పరుగెడుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. ఊళ్లను నింపేసే మోడ్లు రెండు తగ్గించి, నీడలు కనబడే దూరాన్ని కాస్త కుదించండి. తేడా మీకే తెలుస్తుంది.

ఈ పరీక్షకు దొరకనిది ఒకటుంది... 4కే బొమ్మలు! రాళ్లకూ గోడలకూ అంటించే ఈ బొమ్మల్ని 'టెక్స్‌చర్లు' అంటారు. 2కే నుంచి 4కేకి వెళ్తే రెండింతలేగా అనుకుంటారు పిల్లలు. పొడవు రెండింతలు, వెడల్పు రెండింతలు... అంటే కార్డు మెమరీలో ఆక్రమించే చోటు నాలుగింతలు! మెమరీ నిండగానే ఆట నాలుగడుగులకోసారి తడబడుతుంది. ఆట నడుస్తుండగా విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయిందేమో చూడండి. నిండితే కొండలకు తప్ప మిగతావాటికి 2కే బొమ్మలే పెట్టుకోమనండి. దారిలో పడున్న చెంచాకు 4కే ఎందుకండీ?

ల్యాప్‌టాప్ అయితే ఇంకో రెండు చూడాలి. చాలావాటిలో రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి. ఆట చిన్నదాంతో నడిచిపోతోందేమో విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్ అన్నచోట సరిచూసుకోవాలి. రెండోది వేడి. మన మే నెల ఎండల్లో, అదీ పరుపు మీద పెట్టి ఆడితే చిప్ కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాత మందగించిందంటే దుమ్ము దులిపించే పని చూడండి.

చిత్రమేమిటంటే, ఈ ఆటకు అతివేగమూ ప్రమాదమే! స్కైరిమ్‌లో వస్తువులు పడటం, దొర్లడం లాంటి లెక్కలన్నీ సెకనుకు 60 ఫ్రేములనుకుని రాసినవి. 144 హెర్ట్జ్ మానిటర్ తెచ్చి హద్దు తీసేస్తే, గదిలోకి అడుగుపెట్టగానే బల్లమీది గిన్నెలు, జున్నుముక్కలు గాల్లోకి లేస్తాయి. ఇంట్లో దయ్యం పట్టిందేమోననిపిస్తుంది. వేగాన్ని 60 దగ్గర కట్టేస్తే దయ్యం దిగిపోతుంది.

ఇక కూలిపోయే జబ్బు. కొన్నిటికి లక్షణం చూసే మందివ్వొచ్చు. ప్రధాన మెనూ రాకముందే మూతపడితే, ఏదో మోడ్ ఆధారపడే మరో ఫైలు లేదన్నమాట. వస్తువులు ఊదారంగులో కనబడితే టెక్స్‌చర్ దొరకలేదు. ఎర్రటి గుర్తులో ఆశ్చర్యార్థకం కనబడితే వస్తువు ఆకారపు ఫైలే లేదు. ఒళ్లంతా మామూలుగా ఉండి ముఖం మాత్రం నల్లబడిందా... ఆ మనిషిని రెండు మోడ్లు చెరోవైపు లాగుతున్నాయి. మనుషులు చేతులు బారచాపి కొయ్యబొమ్మల్లా నిలబడిపోతే, కదలికల మోడ్ వేశాక నడపాల్సిన సాధనాన్ని నడపలేదు. 'లూట్' అనే ఉచిత సాధనం లోడ్ ఆర్డర్‌ను చాలావరకు సరిగా పేర్చిపెడుతుంది. జాబితా మరీ పొడవైతే మరో తంటా. మామూలు ప్లగిన్లు ఆట సొంత ఫైళ్లతో కలిపి 254 దాటకూడదు. 'లైట్' రకానివైతే మాత్రం 4096 దాకా పడతాయి.

ఏ లక్షణమూ లేకుండా ఊరికే కూలిపోతుంటే? పెళ్లి పందిట్లో సీరియల్ సెట్టు ఆరిపోయినప్పుడు ఎలక్ట్రీషియన్ ఏం చేస్తాడో చూశారా! ఒక్కో బల్బూ పీకుతూ కూర్చోడు. సగం తీగ విడదీసి, తప్పు ఏ సగంలో ఉందో చూస్తాడు. ఇక్కడా అంతే. 128 మోడ్లున్నాయనుకోండి. 64 ఆపండి. కూలడం ఆగిందా, దొంగ ఆపినవాటిలో ఉన్నాడు. ఆగలేదా, మిగిలినవాటిలో ఉన్నాడు. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. ఏడు విడతల్లో ఒక్కటి మిగులుతుంది! ఒకదానిమీద ఒకటి ఆధారపడే మోడ్లను మాత్రం విడదీయకూడదు. 'క్రాష్ లాగర్' వేసుకుంటే ఆట కూలిన ప్రతిసారీ ఓ టెక్స్ట్ ఫైలు రాసిపెడుతుంది. నాలుగైదుసార్లూ అందులో ఒకే మోడ్ పేరు కనబడితే ముందు దాన్నే ఆపి చూడొచ్చు.

ఈ వెతుకులాట అంతా కొత్త ఆట మీదే చేయాలి. మీ అమ్మాయి నెలల తరబడి ఆడుకుంటూ వస్తున్న సేవ్ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు! చాలా మోడ్లు తమ స్క్రిప్టులను ఆ సేవ్ ఫైల్లోకి ఎక్కించేస్తాయి. మధ్యలో మోడ్ తీసేసినా ఆ అవశేషాలు పోవు. ఆట రెండు గంటలు బాగానే నడిచి, ఏ పదో రోజునో సేవ్ తెరుచుకోనని మొరాయిస్తుంది. అప్పుడు కొత్త కార్డు కాదు కదా, కొత్త కంప్యూటర్ తెచ్చినా ఆ ఆట తిరిగి రాదు. పిల్లలకు అదెంత పెద్ద దెబ్బో ఆడనివాళ్లకు అర్థం కాకపోవచ్చు. వందల గంటలు పెట్టి కట్టుకున్న ఇల్లు, పెంచుకున్న మనిషి ఒక్కసారిగా మాయమైపోతాయి. అందుకే వారానికోసారి డాక్యుమెంట్స్‌లోని 'మై గేమ్స్' ఫోల్డర్లో ఉండే సేవ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించండి. 'ఎస్‌కేఎస్ఈ' అనే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ వాడుతుంటే ప్రతి సేవ్ పక్కనా అదే పేరుతో మరో ఫైలుంటుంది. రెండూ జంటగా కాపీ అవ్వాలి. ఒక్కదాన్నే తీసుకెళ్తే చాలా మోడ్లు తమ సంగతులు మరిచిపోతాయి.

నిన్నటిదాకా బాగున్న ఆట ఇవాళ తెరుచుకోకపోతే బహుశా అప్‌డేట్ వచ్చుంటుంది. ఎస్‌కేఎస్ఈ ఆట వెర్షన్‌తో సరిగ్గా సరిపోవాలి. 2021 నవంబరులో యానివర్సరీ ఎడిషన్ వచ్చినప్పుడూ, 2023 డిసెంబరులో మరో అప్‌డేట్ వచ్చినప్పుడూ ఎంతోమంది ఆటలు ఇలాగే మూలనపడ్డాయి. కంగారు పడి అన్నీ చెరిపేయొద్దు. కొత్త వెర్షన్‌కి తగ్గ ఎస్‌కేఎస్ఈ, దానిమీద ఆధారపడే మోడ్లు వచ్చేదాకా ఆగడమే ఉత్తమం. యాంటీవైరస్ ఏదైనా డీఎల్‌ఎల్ ఫైలును పట్టుకుని దాచేసిందేమో కూడా చూడండి.

పెద్దలకు మాత్రమే ఓ మాట. ఈ ఆటకు అమెరికాలో ఇచ్చిన రేటింగ్ 17 ఏళ్లు నిండినవారికని. మోడ్లలోనూ పిల్లలు చూడకూడనివి ఉంటాయి. మోడ్లు చాలావరకు ఉచితమే అయినా, ఆటలోని 'క్రియేషన్స్' విభాగంలో అసలు డబ్బుతో కొనేవీ ఉన్నాయి. కాబట్టి కార్డు నంబరు అందులో దాచి ఉంచకండి.

పరీక్షలన్నీ అయ్యాక గ్రాఫిక్స్ కార్డే కావాలని తేలిందనుకోండి. కొనండి, తప్పేం లేదు. దుకాణానికి బయల్దేరేముందు క్యాబినెట్ మూత తీసి, ఎస్‌ఎంపీఎస్ మీద ఎన్ని వాట్లని రాసుందో, కొత్త కార్డుకు కావాల్సిన కరెంటు తీగ అందులోంచి వస్తోందో లేదో చూసుకోండి. క్యాబినెట్ లోపల ఖాళీ ఎంతుందో టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. ఇప్పటి కార్డులు బాగా పొడవు!