క్లారినెట్ వాయించిందెవరు?

యానాంలో కూర్చుని జాజ్ వినడమేమిటండీ అని అడిగేవాళ్ళకి నా దగ్గర రెండు జవాబులున్నాయి. పొట్టిది: చెవులుండి. పొడుగుది ఈ వారం కాలమ్.

ముందే ఒక మాట. మా ఊరు 1954 జూన్ దాకా ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది. పారిస్‌లో జాజ్‌కి పెద్దపీట వేశారు. కాబట్టి ఆ సంగీతం ఓడెక్కి వచ్చి గౌతమి ఒడ్డున దిగిందని కథ అల్లితే భేషుగ్గా ఉంటుంది. నేనల్లను. నాకు జాజ్ దొరికింది రేడియోలో. డెబ్భైల్లో షార్ట్ వేవ్ మీద వాయిస్ ఆఫ్ అమెరికా తిప్పితే విల్లిస్ కానోవర్ అనే పెద్దమనిషి వచ్చేవాడు. 1955లో మొదలుపెట్టిన ఆ జాజ్ కార్యక్రమం దశాబ్దాల తరబడి నడిపాడు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళు కూడా వింటారని నిదానంగా, ఒక్కో మాటా విడదీసి చెప్పేవాడు. పాట పేరు, తరవాత వాయించినవాళ్ళ పేర్లు. ట్రంపెట్ ఫలానా, డ్రమ్స్ ఫలానా. ఆ ఫలానాలన్నీ నోటుబుక్కులో తెలుగులోనే రాసుకునేవాణ్ణి. స్పెల్లింగులు రావు కదా!

తరవాత రికార్డుల పిచ్చి పట్టుకుంది. ఏ పని మీద మద్రాసు వెళ్ళినా సెంట్రల్ స్టేషన్ పక్కనున్న మూర్ మార్కెట్‌కి పోవాల్సిందే. పాత పుస్తకాలు, పాత రికార్డులు, పాత సామాన్లు గుట్టలు. 1985లో అది తగలబడిపోయిందని పేపర్లో చదివిన రోజు మా ఇంట్లో వాళ్ళకి నా మొహం చూసి ఎవరో పోయారనుకునేంత పనైంది.

రికార్డు కొనడం కూడా చేప కొనడం లాంటిదే. మొప్పలు ఎత్తి చూసినట్టు, అట్టలోంచి తీసి వెలుతురికి ఏటవాలుగా పట్టుకోవాలి. గీతలు తెలుస్తాయి. అంచు వెంట కన్ను పెట్టి చూస్తే వంకర తెలుస్తుంది. లేబులు చుట్టూ ఉన్న నున్నటి జాగాలో చిన్న అంకెలు చెక్కి ఉంటాయి. మాట్రిక్స్ నంబరంటారు. అదే రికార్డుకి పుట్టుమచ్చ. అట్ట మారినా, లేబులు చిరిగినా, ఇది ఏ రికార్డింగో ఆ అంకె చెబుతుంది.

1996 నవంబరు 6 తుపాను మా వైపు ఎవరూ మర్చిపోరు. ప్రాణాలు పోయిన ఇళ్ళున్నాయి, నా రికార్డుల గురించి చెప్పుకోవడమే సిగ్గు. అయినా విషయం కోసం చెబుతున్నాను. ఇంట్లో నీళ్ళు దిగాక చూస్తే వినైల్ రికార్డులు కడిగితే బతికాయి. అట్టలు అంబలైపోయాయి. లేబుళ్ళు ఊడిపోయాయి. నల్లటి పళ్ళేలు మిగిలాయి, ఏది ఎవరిదో తెలీదు. అటక మీదున్న నోటుబుక్కే వాటికి మళ్ళీ పేర్లు పెట్టింది. ఆ రోజు నుంచీ నాకు రికార్డు ఎంతో, పేర్ల జాబితా అంతే.

ఇక్కడ ఫ్రెంచి వాళ్ళకి దక్కాల్సిన గౌరవం ఒకటుంది. 1923లో కింగ్ ఆలివర్ బ్యాండు రికార్డులు వచ్చినప్పుడు వాటి మీద బ్యాండు పేరు వేశారు గానీ అందులో వాయించినవాళ్ళ పేర్లు వెయ్యలేదు. అందులో రెండో కార్నెట్ వాయించిన 21 ఏళ్ళ కుర్రాడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్! ఇలాంటి రికార్డుల్లో ఎవరేం వాయించారో పోగుచేసి, 1936లో పారిస్‌లో చార్లెస్ డెలానే 'హాట్ డిస్కోగ్రఫీ' అని పుస్తకం వేశాడు. అభిమానులు ఒకరితో ఒకరు పోట్లాడుకుంటూ, చెవులతో పోల్చుకుంటూ, ముసలి వాద్యగాళ్ళని అడుగుతూ ఆ పని ఇప్పటికీ సాగిస్తూనే ఉన్నారు. కూలికి వచ్చి ఒక పూట వాయించి వెళ్ళినవాడి పేరు కూడా దొరికితే పండగ చేసుకుంటారు.

మా వీధి చివర బ్యాండు మేష్టారున్నారు. ఎనభై దాటాయి. పెళ్ళిళ్ళలో క్లారినెట్ వాయించి వాయించి, పళ్ళు ఊడాక మానేశారు. సాయంత్రాలు మా అరుగు మీదికొస్తారు. ఒకసారి 'టేక్ ఫైవ్' పెట్టాను. తొడ మీద వేళ్ళు పడ్డాయి.

"ఖండచాపు కదా అబ్బాయ్ ఇది!"

"ఆయ్, అయిదేనండి."

"అయిదే గానీ తిరగేశాడు. మనం తక తకిట అంటాం. వీడు తకిట తక అంటన్నాడు. గడుసోడే."

అదే బల్లమీద 'బ్లూ రోండో'. తొమ్మిది మాత్రలది. ఒక నిమిషం విని, "రెండు, రెండు, రెండు, మూడు. సంకీర్ణం" అని తేల్చేశారు. డేవ్ బ్రూబెక్ ఆ లయని ఇస్తాంబుల్ వీధి వాద్యగాళ్ళ దగ్గర విన్నాడు. అదే 1958 యాత్రలో మన దేశమూ తిరిగాడు. మద్రాసులో మృదంగ విద్వాంసులు పళని సుబ్రహ్మణ్య పిళ్ళైగారి వాద్యం విని ఆయనా, డ్రమ్మర్ జో మొరెల్లో కూడా అబ్బురపడ్డారు. ఈ రెండు పాటలూ ఉన్న 'టైమ్ అవుట్' 1959లో వచ్చింది.

మేష్టారికి ఇవన్నీ చెప్పి, పేర్లు చదివాను. పియానో బ్రూబెక్, సాక్సఫోన్ పాల్ డెస్మండ్, బేస్ యూజీన్ రైట్, డ్రమ్స్ మొరెల్లో. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"నలుగురివీ రాశారే!" అన్నారు. "మా పేరేంటో తెలుసా? బ్యాండు సెట్టు. శుభలేఖలో వంటవాడి పేరూ ఉండదు, మా పేరూ ఉండదు. సొమ్ములిచ్చేటప్పుడు మాత్రం పిలుస్తారు, ఏవయ్యా క్లారినెట్టూ అని."

నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

న్యూ ఆర్లియన్స్‌లో శవయాత్రకి బ్యాండు వెళ్తుంది. వెళ్ళేటప్పుడు బరువైన పాట, వచ్చేటప్పుడు కాలు నిలవని పాట. మన డెల్టాలో నిండుగా బతికి వెళ్ళిన పెద్దల్ని బ్యాండు మేళంతో సాగనంపడం లేదూ? అక్కడా క్లారినెట్టే, ట్రంపెట్టే, బేస్ డ్రమ్మే. తేడా ఏంటంటే అక్కడివాళ్ళ మీద బీరువాల నిండా పుస్తకాలున్నాయి. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక, బ్రిటిష్ వాళ్ళ చట్టం ఇక్కడ చెల్లదని చుట్టుపక్కల జిల్లాల నుంచి యానాం వచ్చి చిన్నపిల్లలకి పెళ్ళిళ్ళు చేసుకెళ్ళేవారు. మెచ్చుకోవాల్సిన సంగతి కాదు గానీ, ఆ పెళ్ళిళ్ళ కథ చరిత్రకెక్కింది. వాటికి మేళం వాయించినవాళ్ళు ఎక్కలేదు.

మన పక్క నుంచి జాజ్ వేదిక ఎక్కినవాడు లేడా అంటే, ఉన్నాడు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలు దాటితే పాలకొల్లు. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో మాండొలిన్ వాయించాడు. పద్నాలుగేళ్ళ కుర్రాడు, కర్ణాటక సంగీతం, జాజ్ వినడానికొచ్చిన జనం! జంట తీగల వాద్యాన్ని ఒంటి తీగలు కట్టి, ఎలక్ట్రిక్ చేసి, గమకం పలికేలా మలుచుకున్నాడు. తరవాత జాన్ మెక్లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి'లో చేరాడు. 'ది బిలీవర్', 'శాటర్‌డే నైట్ ఇన్ బాంబే' దొరికితే వినండి. మెక్లాఫ్లిన్ గిటార్ ఒక మాట అంటుంది, మాండొలిన్ దాన్ని అందుకుని ఇంకో మాట కలిపి తిప్పికొడుతుంది. స్వరకల్పనకీ జాజ్‌కీ చుట్టరికం ఏంటో ఉపన్యాసం అక్కర్లేకుండా తెలుస్తుంది. 2014 సెప్టెంబరులో 45 ఏళ్ళకే వెళ్ళిపోయాడు.

శ్రీనివాస్ గారి నాన్న సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. మేష్టారికి ఆ సంగతి చెబితే కూర్చున్నచోట నిటారయ్యారు. ఆ తండ్రి పేరు మనకెలా తెలిసింది? కొడుకు అంతవాడయ్యాడు కాబట్టి. కొడుకులు రొయ్యల చెరువు కాపలాకో, గల్ఫుకో వెళ్ళిన క్లారినెట్ మేష్టర్ల సంగతేంటి?

అందుకే ఇప్పుడు నా జాజ్ నోటుబుక్కు వెనక పేజీల నుంచి ఇంకో జాబితా నడుస్తోంది. మేష్టారు చెబుతారు, నేను రాస్తాను. ఊరు, వాద్యం, పేరు, ఏ కాలం. ఇప్పటికి ముప్ఫై ఏడు పేర్లు. కొందరికి ఇంటిపేరు లేదు, కొందరికి ముద్దుపేరే ఉంది. రాజమండ్రిలో నా తోటి రికార్డుల పిచ్చివాడొకాయన, "ఒక్క రికార్డూ లేనివాళ్ళ డిస్కోగ్రఫీ ఏంటండీ బాబూ" అని ఆటపట్టిస్తాడు. రికార్డు లేదు కాబట్టే పేరన్నా ఉండాలంటాను నేను. ఈ పోట్లాట తెమల్లేదు. పోయిన నెలలో మాత్రం ఆయన ఫోన్ చేసి, వాళ్ళ పేటలో ట్రంపెట్ వాయించిన ఇద్దరి పేర్లు చెప్పాడు.

మీ ఇళ్ళలో తాతల నాటి ట్రంకు పెట్టెల్లో నాటక పద్యాల ప్లేట్లు ఉంటే రెండు జాగ్రత్తలు. ఆ పాత 78 రికార్డులు లక్కతో చేసినవి. స్పిరిట్‌తో తుడిస్తే కరిగిపోతాయి. మెత్తటి గుడ్డ చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. ఆ తరవాత మీ ఊళ్ళో బ్యాండు మేళం వాయించిన ముసలాయన ఎవరైనా ఉంటే, పక్కన కూర్చుని పేర్లు అడగండి. ఆయన పేరుతో మొదలుపెట్టి రాయండి. కింద తేదీ వెయ్యండి.