రెండెకరాల రైతుకు పాలీహౌస్ దేనికి?

దసరా దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పాలీహౌస్ వేద్దామనుకుంటున్న, సబ్సిడీ ఉందట, ఏమంటవ్?" అని. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి గొంతు పోతోంది, అందుకే ఇక్కడ రాస్తున్నా. బ్యాంకులో పాసుబుక్కు పెట్టే ముందు ఒక్కసారి చదవండి.

పాలీహౌస్ చెడ్డదని నేననను. చేతిలో పైసలుండి, క్యాప్సికమో పూలో ఫలానా చోట అమ్ముతానని ముందే మాట్లాడుకున్నోళ్లు వేసుకోవచ్చు. కానీ ఎకరానికి 30 లక్షలు పైమాటే. సబ్సిడీ పోను మిగిలింది అప్పే గదా! పైన కప్పే 200 మైక్రాన్ల షీటు మూడు నాలుగేళ్లకు మార్చాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో రాసుకున్న రైతు నాకింతవరకు కనబడలేదు. ఏటా అదే మట్టిలో అదే పంట వేస్తే నులిపురుగులు చేరి వేర్లకు బుడిపెలొస్తాయి. ఇక ఏప్రిల్, మే నెలల్లో గాలివాన సంగతి మీకు తెలిసిందే. షీటు ఎగిరిపోయి ఉత్త పైపులు నిలబడ్డ చేన్లు మా దిక్కున ఉన్నయి. షీటు పోయింది గాని కిస్తీ పోలేదు.

అసలు మనకు కావలసింది ఏంది? బీర, కాకర, సొర, దోస అందరికంటే ముందు మార్కెట్ కు రావాలె. వేసవి తోటలన్నీ ఒక్కసారే కాతకొచ్చాక రేటు ఉండదు. ముందు రావాలంటే డిసెంబర్ చివర్లో గింజ పెట్టాలి. అప్పుడు మా సంగారెడ్డి వైపు, ఆదిలాబాద్ వైపు రాత్రిళ్లు 10 డిగ్రీల కిందికి కూడా పోతది. ఆ చలికి తీగజాతి గింజ మొలవదు, మొలిచినా ముడుచుకొని కూర్చుంటది. ఇది రెండు నెలల బాధ. దీనికి ఇరవై ఏండ్ల ఇనుము నాటుడెందుకు?

దీనికి లో టన్నెల్ చాలు. సాలు మీద రెండు మీటర్లకొకటి వెదురు బద్దనో లావు తీగనో విల్లులా వంచి గుచ్చాలి, ఎత్తు మోకాలు దాటితే చాలు. పైన 30 మైక్రాన్ల షీటు కప్పి అంచులకు మట్టి వేయాలి. ఆరడుగులకొక సాలు చొప్పున పది గుంటలకు రెండు మీటర్ల వెడల్పు షీటు సుమారు 30 కిలోలు పడుతుంది. కింద డ్రిప్ ఉండాలి. గింజను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో కట్టి, గడ్డిలో దాచి మొలక కనబడ్డాక పెట్టండి. మన అమ్మలు చేసిన పనే ఇది. షీటు ఉన్నన్నాళ్లు ఆకులు తినే ఎర్ర పెంకు పురుగు కూడా లోపలికి రాదు. పూత మొదలైందంటే మాత్రం షీటు తీసెయ్యాలి, తేనెటీగ రాకుంటే పిందె నిలవదు.

ఇందులో కష్టం లేదని చెప్పను. పొద్దెక్కినాక అంచులు లేపాలి, పొద్దుగూకే ముందు దించాలి, రోజూ. పెళ్లికి పోయి మధ్యాహ్నం తిరిగొస్తే లోపల మొక్క ఉడికిపోయి ఉంటది. పట్నంలో ఉండి ఆదివారం చేను చూసుకునేటోళ్లకు ఇది కుదరదు. అంత చలి లేని కోస్తా జిల్లాల వాళ్లకూ అక్కరలేదు. వాళ్లు ఆ డబ్బు షేడ్ నెట్ కు పెట్టి ఎండాకాలం కొత్తిమీర వేసుకోవడం మేలు.

కేంద్ర ఉద్యాన పథకంలో పాలీహౌస్ తోపాటు ప్లాస్టిక్ టన్నెళ్లకు కూడా పద్దు ఉంది. ఆ మాట ఎవరూ ఎత్తరెందుకంటే వెదురు బద్దల్లో కమీషన్ రాదు. మండల ఉద్యాన అధికారిని పేరు పెట్టి అడగండి, ఈ ఏడు బడ్జెట్ ఉందా లేదా కాగితం మీద చెప్పమనండి. నవంబర్ లోనే అడగండి, సంక్రాంతికి అడిగితే లాభం లేదు.

నిజామాబాద్, వరంగల్ వైపు పందిరి బీరకు ఇట్లా వేసినోళ్లుంటే, కాత ఎన్ని రోజులు ముందొచ్చిందో, కిలో ఎంతకు పోయిందో రాయండి.