తట్ట సరే, స్కానర్ సంగతేంటి?

ఈమధ్య సింగరేణి సాహిత్యం మీద ఎక్కడ మీటింగు పెట్టినా ఒకటే మాట: "ఇప్పుడలాంటి కథలు రావట్లేదండీ." వేదిక మీదివాళ్లు నిట్టూరుస్తారు, కిందివాళ్లం తలూపుతాం. నాకు ఆ నిట్టూర్పుతోనే పేచీ. కార్మికుడు చోటు మారాడు. మనం ఇంకా బాయి మూతి దగ్గరే నిలబడి వాడికోసం ఎదురుచూస్తున్నాం.

1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు నలభై వేల దగ్గరికొచ్చారు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. మరి ఆ ఇళ్లల్లో పిల్లలెటు పోయారు? కాసిపేటలో ఒకపక్క బాయిలు, ఇంకోపక్క దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ. రెంట్లోనూ దొరకనివాళ్లు హైదరాబాద్ బస్సెక్కారు. మా మేనమామ కొడుకు వాళ్లలో ఒకడు. మేడ్చల్ దగ్గర ఓ పెద్ద ఫుడ్ కంపెనీ గోడౌన్లో పని. కంపెనీ పేరు వాడి టీషర్టు మీద ఉంటుంది, జీతం స్లిప్పు మీద మాత్రం కాంట్రాక్టరు పేరుంటుంది.

ఏ వరస, ఏ అర, ఎన్ని డబ్బాలు అన్నీ చేతిలో స్కానరే చెబుతుంది. ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు పోవాలి కాబట్టి ఎదురుగా ఉన్న పెట్టెను జరిపి వెనకదాన్ని లాగాలి. పనీర్, వెన్న పెట్టే కోల్డ్ రూమ్‌లో వేళ్లు మొద్దుబారితే స్క్రీన్ టచ్ తీసుకోదు. ఆ ఆగిన క్షణాలూ లెక్కలోకే.

"బాయిల మా నాయిన మస్టర్ ఒక్కసారే పడేది బావా, ఈడ నిమిషం నిమిషం మస్టరే" అన్నాడు.

నిజానికి బాయిలోనూ ఫిల్లర్లకి టబ్బుల లెక్క ఉండేది. కానీ టబ్బు నిండాక లెక్కేవాళ్లు, రెండు తట్టల మధ్య పీల్చిన ఊపిరిని కాదు. ఇప్పుడు దాన్ని కొలిచే కోడ్ నాలాంటి ఇంజనీర్లే రాస్తారు. మా భాషలో దాని పేరు 'ఐడిల్ టైమ్'.

2024లో మానేసర్ అమెజాన్ గోడౌన్లో ఆరు లారీల సరుకు దించేదాకా నీళ్లకీ బాత్రూమ్‌కీ వెళ్లమంటూ కార్మికులతో ప్రమాణం చేయించారని వార్తలొచ్చాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ సుమోటోగా తీసుకుని నోటీసిచ్చింది. ప్రమాణం! కథకుడికి ఇంకేం కావాలి?

"గోడౌన్లో పోరాటం లేదు కదా" అంటారు. బాయిలో మాత్రం కథ దానంతటది నడిచొచ్చిందా? తుమ్మేటి రఘోత్తమరెడ్డి సింగరేణిలో ఉద్యోగం చేస్తూ రాశారు. అల్లం రాజయ్య ఆ మనుషుల మధ్య తిరిగి రాశారు. అక్కడ క్వార్టర్లున్నాయి, కల్లు దుకాణముంది, యూనియన్ ఆఫీసుంది. నలుగురు కూడే చోటుంది కాబట్టే తట్టా చెమ్మస్ మాటలు మన కథల్లోకి వచ్చాయి. గోడౌన్లో ఫోన్లు లాకర్లో పెట్టిస్తారు. ఒకే వరసలో ఇద్దరు ఎదురుపడకుండా సాఫ్ట్‌వేర్ దారి గీస్తుంది. కాంట్రాక్టరు మారితే బ్యాచ్ మొత్తం మారిపోతుంది. పోరాటం ఎందుకు లేకుండా పోయిందో రాయొచ్చు కదా!

"వాళ్ల కథ వాళ్లే రాసుకోవాలి" అనేవాళ్లు ఇంకో రకం. పది గంటలు నిలబడొచ్చినవాడికి ఈ సలహా ఇవ్వడం ఎంత సుఖమో! వాడికి మాటలున్నాయి, పైన ఒకటి విన్నారు కూడా. మనకే వినే తీరిక లేదు. ఉన్న తీరికంతా పది నిమిషాల్లో పాలప్యాకెట్ తెప్పించుకుని, బొగ్గుమసి ముఖచిత్రాలకి లైకులు కొట్టడానికే సరిపోతోంది.

వచ్చే మీటింగు కూడా ఆదివారమేనట. ఆదివారం ఆర్డర్లెక్కువ, గోడౌన్లో సెలవుండదు. వాడి వీక్లీ ఆఫ్ మంగళవారం.