తృప్తి శాతం చెప్పని సంగతి

విశ్వవిద్యాలయ గ్రంథాలయ సేవలను మదింపు చేయడమంటే పాఠకులకు ప్రశ్నావళి పంచి తృప్తి శాతాన్ని లెక్కగట్టడమేనన్న భావన స్థిరపడింది. 2017లో న్యాక్ తన సవరించిన విధానంలో విద్యార్థి సంతృప్తి సర్వేను చేర్చడంతో ఈ ధోరణికి అధికారిక బలమూ చేకూరింది. తెలుగు పరిశోధనకు ఈ కొలమానం చాలదు.

తృప్తి ఆశను బట్టి ఉంటుంది. 2000లో అమెరికాలో మొదలైన లిబ్‌క్వాల్ సర్వే ఈ సంగతి గుర్తించి, పాఠకుడు సహించగల కనీస స్థాయి, కోరే స్థాయి, అందుతున్న స్థాయి అని మూడు అంకెలు అడుగుతుంది. మూడవదాన్ని మాత్రమే అడిగే ప్రశ్నావళిలో ఆశ తక్కువైన పాఠకుడే గ్రంథాలయానికి మంచి మార్కులు వేస్తాడు. పోటీపరీక్షలకు చదువుకోవడానికి బల్ల, వెలుతురు కోరేవాడు తృప్తి ప్రకటిస్తాడు. పాత సంపుటం దొరకక రావడమే మానుకున్న పరిశోధకుడికి ప్రశ్నావళి చేరనే చేరదు.

1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం నేడు సురవరం ప్రతాపరెడ్డి పేరు ధరించింది. 1926లో ఆయన సంపాదకత్వంలో వెలువడిన గోలకొండ పత్రికను పరిశోధించేవాడు అడిగేది ఒక్కటే: ఏ సంచిక ఎక్కడుంది, ఏ స్థితిలో ఉంది, ఎన్నాళ్లకు చేతికందుతుంది? ఎంత గొప్ప తృప్తి శాతమైనా దీనికి జవాబు చెప్పదు.

పాఠకుల అభిప్రాయాన్ని విస్మరించరాదన్న వాదం సమంజసమే. వేళలు, వసతి, సిబ్బంది మర్యాద విషయంలో వారి మాటే ప్రమాణం. సేకరణలోని లోటును మాత్రం అభిప్రాయం పట్టుకోలేదు. అందుకు లభ్యతను కొలవాలి. 1976లో పాల్ కాంటర్ ప్రతిపాదించిన పద్ధతి, అడిగిన పుస్తకం ఎందుకు దొరకలేదో విడదీసి చూస్తుంది: కొనలేదా, వేరొకరు తీసుకెళ్లారా, అరలో తప్పుచోట ఉందా, పాఠకుడే వెతకలేకపోయాడా?

తెలుగు విషయంలో చివరి కారణాన్ని పాఠకుడి మీదికి నెట్టడం అన్యాయం. రచయితల పేర్లను రోమను లిపిలో తలా ఒక తీరుగా నమోదు చేసిన సూచిలో పుస్తకం ఉండీ కనిపించదు. అది సూచి లోపం.

పాఠకుని కాలాన్ని ఆదా చేయమని రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు. దొరకని ప్రతి అభ్యర్థననూ కారణంతో సహా నమోదు చేసి, ఏటా ప్రకటించడం గ్రంథాలయాల విధి కావాలి. గ్రంథాలయశాస్త్ర పరిశోధనలు తృప్తి పట్టికలను వదిలి ఆ నమోదులను పరిశీలించాలి. దాన్ని కోరవలసినది తెలుగు శాఖలే.